అంచు నుంచి లోపలికి: సాడియో మానే ఆట

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం సెనెగల్ ఫుట్‌బాల్ వింగర్, అంటే మైదానం అంచున ఆడే ఫార్వర్డ్, సాడియో మానే ఆట గురించి మాట్లాడతాను. ఆఫ్రికా ఆటగాళ్ల జీవితాలను పేదరికంతో మొదలుపెట్టి ట్రోఫీతో ముగించడం మన పత్రికలకు అలవాటైపోయింది. మానే జీవితం ఆ మూసలో ఇట్టే ఇమిడిపోతుంది కాబట్టే, అతడి ఆట గురించి చెప్పుకోవలసిన అసలు సంగతులు మరుగున పడ్డాయని నాకు అనిపిస్తుంది. పేరు స్థిరపడిన తరువాత కూడా, జట్టు అవసరాన్ని బట్టి తన చోటును ఇంకొకరికి ఇచ్చి, మైదానంలో మరో మూలకు వెళ్లి, అక్కడ మునుపటికన్నా మెరుగ్గా ఆడిన వింగర్లు అరుదు. మానే ఆ పని రెండుసార్లు చేశాడు.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. 1992 ఏప్రిల్ 10న, దక్షిణ సెనెగల్‌లోని కసమాన్స్ ప్రాంతంలో, సెదియు పట్టణానికి చేరువలో ఉన్న బంబాలి గ్రామంలో పుట్టాడు. తండ్రి మసీదులో ఇమాం. కొడుకు చిన్నతనంలోనే ఆయన జబ్బుచేసి పోయారు. ఊళ్లో ఆసుపత్రి లేదు. తరువాతి కాలంలో మానే తన డబ్బుతో అక్కడ ఆసుపత్రిని, ఉన్నత పాఠశాలను కట్టించడానికి మూలం అక్కడే ఉంది. సెనెగల్ 2002లో తొలిసారి ప్రపంచకప్ ఆడి, మొదటి మ్యాచ్‌లోనే నాటి జగజ్జేత ఫ్రాన్స్‌ను 1-0తో ఓడించినప్పుడు అతడికి పదేళ్లు. కౌమారంలో ఇంట్లో చెప్పకుండా డాకర్‌కు వెళ్లిపోయాడు. పెద్దలు వెనక్కి రప్పించి, చివరికి ఆటకు ఒప్పుకున్నారు. చిరిగిన బూట్లతో ఎంపికలకు వెళ్తే అక్కడి పెద్దాయన ఒకరు ఎగాదిగా చూశారని మానే స్వయంగా చెప్పుకున్నాడు. డాకర్‌లోని జెనరేషన్ ఫుట్ అకాడమీకి ఫ్రాన్స్‌లోని మెట్జ్ క్లబ్‌తో ఒప్పందం ఉండేది. పాపిస్ సిస్సే, తరువాత ఇస్మాయిలా సార్ వెళ్లిన దారి కూడా అదే.

మెట్జ్‌లో అతడు పెద్దగా మెరవలేదు. 2011-12 సీజన్ ముగిసేసరికి ఆ క్లబ్ మూడో డివిజన్‌కు పడిపోయింది. అయితే ఆ వేసవిలో లండన్ ఒలింపిక్స్‌లో సెనెగల్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లడంతో అతడు నలుగురి కళ్లలో పడ్డాడు. సుమారు 40 లక్షల యూరోలకు ఆస్ట్రియా క్లబ్ రెడ్‌బుల్ సాల్జ్‌బర్గ్ అతడిని తీసుకుంది. అక్కడి కోచ్ రోజర్ ష్మిట్ పద్ధతి ప్రకారం, బంతి చేజారిన మరుక్షణం ముందువరుసలోని వాళ్లే ప్రత్యర్థి మీదికి దూకి దాన్ని తిరిగి లాక్కోవాలి. వింగర్ అంటే గీత పక్కన నిలబడి బంతి కోసం ఎదురుచూసేవాడన్న పాత భావనకు ఆ జట్టులో చోటు లేదు. రెండేళ్లు ఆ పరుగు పరిగెత్తి, 87 మ్యాచ్‌ల్లో 45 గోల్స్ చేసి, 2014లో లీగ్‌తో పాటు కప్పును కూడా గెలిచాడు. అదే ఏడాది జనవరిలో జరిగిన ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో గార్డియోలా శిక్షణలోని బయెర్న్ మ్యూనిక్‌ను సాల్జ్‌బర్గ్ 3-0తో చిత్తు చేసినప్పుడు గోల్ కొట్టినవారిలో అతడూ ఉన్నాడు. మానేకు లివర్‌పూల్‌లో పనికొచ్చిన చదువంతా సాల్జ్‌బర్గ్‌దేనని నా అభిప్రాయం. అప్పట్లో డోర్ట్‌మండ్ కోచ్‌గా ఉన్న యుర్గెన్ క్లోప్ అతడిని పిలిపించి మాట్లాడి, నచ్చక వదులుకున్నారు. అది తన పొరపాటేనని క్లోప్ తరువాత ఒప్పుకున్నారు.

ఆ తరువాత ఇంగ్లండ్ క్లబ్ సౌతాంప్టన్‌లో గడిపిన రెండేళ్లలో అందరికీ గుర్తుండేది 2015 మే 16. ఆస్టన్ విల్లాపై 2 నిమిషాల 56 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఒకే మ్యాచ్‌లో అతి తక్కువ సమయంలో మూడు గోల్స్ కొట్టినందుకు ప్రీమియర్ లీగ్‌లో 1994లో రాబీ ఫౌలర్ నెలకొల్పిన 4 నిమిషాల 33 సెకన్ల రికార్డు దాంతో చెరిగిపోయింది. రికార్డుగా గొప్పదే గాని, ఆటగాడిగా అతడెలాంటివాడో ఆ మూడు గోల్స్ చూస్తే తెలియదు.

అది తెలియాలంటే లివర్‌పూల్‌కు రావాలి. 2016 జూన్‌లో, 3.4 కోట్ల పౌండ్ల ప్రాథమిక రుసుముకు, ఒకప్పుడు వద్దని, అప్పటికి లివర్‌పూల్ కోచ్ అయిన క్లోప్ దగ్గరికే వచ్చాడు. ఆగస్టు 14న ఆర్సెనల్ మైదానంలో తొలి లీగ్ మ్యాచ్. కుడి అంచున బంతి అందుకుని, ఇద్దరు డిఫెండర్ల మధ్యనుంచి లోపలికి దూసుకొచ్చి, ఎడమకాలితో గోల్ దూరపు పైమూలకు కొట్టి, నేరుగా గీత దగ్గరికి పరిగెత్తి క్లోప్ వీపెక్కాడు. లివర్‌పూల్ 4-3తో గెలిచింది. ఆ ఏడాదంతా కుడి వింగ్ అతడిదే. క్లబ్ ఆ సీజన్ ఉత్తమ ఆటగాడిగా అతడినే ఎంచుకుంది.

మరుసటి వేసవిలో ఈజిప్ట్ ఆటగాడు మొహమ్మద్ సలా వచ్చాడు. సలాది ఎడమకాలు, కుడి అంచు నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చి గోల్ కొట్టడమే అతడి ప్రాణం. ఇద్దరిలో ఒకరు జరగాలి. ఎడమ అంచుకు జరిగినవాడు మానే. చూసేవాళ్లకు అది అరవై గజాల దూరమే, ఆడేవాడికి మాత్రం అన్నీ తారుమారవుతాయి. అంతవరకు గీతకు ఆనుకుని బయటి పక్కన కుడికాలితో క్రాస్ ఇవ్వగలిగినవాడికి, ఎడమ అంచున ఆ కాలు లోపలి పక్కకు వస్తుంది. శరీరం తిరిగే దిక్కు, డిఫెండర్ అడ్డుపడే కోణం, తల ఎత్తి చూసేసరికి కనిపించే మైదానం, ఏదీ మునుపటిలా ఉండదు. అతడు లోపలికి జరిగినప్పుడు ఖాళీ అయిన అంచులోకి వెనుకనుంచి ఫుల్‌బ్యాక్ ఆండీ రాబర్ట్‌సన్ దూసుకొచ్చి క్రాస్‌లు ఇచ్చేవాడు. మధ్యలో ఉండవలసిన స్ట్రైకర్ రొబెర్తో ఫిర్మినో వెనక్కి దిగి డిఫెండర్లను తనవెంట లాగితే, ఆ జాగాలోకి ఇటునుంచి మానే, అటునుంచి సలా చొరబడేవారు.

2019 మార్చి 13న మ్యూనిక్‌లో బయెర్న్‌పై కొట్టిన తొలి గోల్‌లో ఈ చదువంతా కనిపిస్తుంది. ఇరవై ఆరో నిమిషంలో లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ తన సగంలోంచి పొడవాటి బంతి వేశాడు. మానే పరిగెత్తుతూనే దాన్ని కాలితో మెత్తగా దించుకున్నాడు. గోల్‌కీపర్ మాన్యుయెల్ నోయర్ గోల్ వదిలి బాక్స్ చివరిదాకా దూసుకొచ్చాడు. మామూలు ఫార్వర్డ్ అక్కడ కంగారుపడి కొట్టేస్తాడు. మానే కొట్టలేదు, గోల్‌కు వీపు చేసి గిర్రున తిరిగాడు, నోయర్ ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాడు, ఎడమకాలితో లేపిన బంతి వాళ్లందరి మీదుగా వెళ్లి వలలో పడింది. 3-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో తల పెట్టి ఇంకో గోల్ కూడా చేశాడు. ఆ సీజన్‌లో 22 లీగ్ గోల్స్‌తో సలా, ఆర్సెనల్ ఆటగాడు ఒబామెయాంగ్‌లతో కలిసి, లీగ్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ పంచుకున్నాడు. ముగ్గురూ ఆఫ్రికా వాళ్లే. జూన్ 1న చాంపియన్స్ లీగ్ ఫైనల్లో టాటెన్‌హామ్‌పై తొలి నిమిషంలోనే వచ్చిన పెనాల్టీ, మానే ఎడమ పక్కనుంచి వేసిన బంతి టాటెన్‌హామ్ ఆటగాడు సిస్సోకో చేతికి తగలడం వల్ల దక్కింది. కొట్టింది సలా.

ఇలా చెబుతున్నానని మానేను సాధుపుంగవుడిగా ఊహించుకోవద్దు. అదే ఆగస్టు చివర బర్న్‌లీపై 3-0తో గెలుస్తున్న మ్యాచ్‌లో, సలా తనకు పాస్ ఇవ్వలేదని బయటికి వచ్చి బెంచీ దగ్గర అందరూ చూస్తుండగానే మండిపడ్డాడు. చోటు ఇచ్చినవాడికి కోపం కూడా ఉంటుంది.

2022 జనవరిలో పోర్టో నుంచి లూయిస్ డియాజ్ వచ్చాక ఎడమ అంచును కూడా వదలవలసి వచ్చింది. ఈసారి క్లోప్ అతడిని మధ్యకు, స్ట్రైకర్ స్థానానికి తెచ్చారు. ముప్పయ్యేళ్లు నిండుతున్న వింగర్, గోల్‌కు వీపు పెట్టి, తనకన్నా ఎత్తయిన మధ్య డిఫెండర్లతో పెనుగులాడుతూ ఆడటం నేర్చుకుని, ఆ సీజన్‌ను అన్ని పోటీల్లో కలిపి 23 గోల్స్‌తో ముగించాడు.

ఇక సెనెగల్ జెర్సీ. అక్కడ కథంతా పెనాల్టీల చుట్టూ తిరుగుతుంది. 2017 ఆఫ్రికా కప్ క్వార్టర్ ఫైనల్లో కామెరూన్‌తో సమంగా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చిన షూటౌట్‌లో పదిమంది కొడితే విఫలమైనది మానే ఒక్కడే. 2019 ఆఫ్రికా కప్‌లో రెండు పెనాల్టీలు పోగొట్టి, ఇకమీద తాను కొట్టనని ఆ టోర్నీలో బాధ్యత వదులుకున్నాడు. ఫైనల్లో అల్జీరియా చేతిలో సెనెగల్ 1-0తో ఓడింది. అతడికి అండగా నిలిచిన కోచ్ అలియు సిస్సేకు ఆ బాధ కొత్తది కాదు. 2002 ఆఫ్రికా కప్ ఫైనల్లో, కెప్టెన్‌గా, కామెరూన్ మీదే, సెనెగల్ చివరి పెనాల్టీని పోగొట్టింది ఆయనే.

2022 ఫిబ్రవరి 6, యావుండే, ఫైనల్, ప్రత్యర్థి ఈజిప్ట్. ఏడో నిమిషంలోనే సెనెగల్‌కు పెనాల్టీ వచ్చింది. మానే బంతిని పెడుతుండగా ఈజిప్ట్ కెప్టెన్ సలా తన గోల్‌కీపర్ అబూ గబల్ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పాడు. మానే బలంగా కొట్టాడు, అబూ గబల్ ఆపేశాడు. ఆ తరువాత అదనపు సమయంతో కలిపి రెండు గంటల ఆటలో ఒక్క గోల్ కూడా రాలేదు. షూటౌట్‌లో సెనెగల్ చివరి వంతు కోసం మళ్లీ మానేనే ముందుకు వచ్చాడు. ఈసారి బంతి నేలబారుగా మూలకు వెళ్లింది. 4-2. అదే సెనెగల్‌కు తొలి ఆఫ్రికా కప్. ఈజిప్ట్ చివరి పెనాల్టీకి నిర్ణయించుకున్న సలాకు కొట్టే వంతే రాలేదు. మార్చి 29న సెనెగల్‌లోని డియామ్నియాడియోలో ఇవే జట్లు ప్రపంచకప్ బెర్తు కోసం తలపడ్డాయి. మళ్లీ షూటౌట్, గెలిపించిన పెనాల్టీ మళ్లీ మానేదే.

ఇక పెనాల్టీ భయం పూర్తిగా తీరిపోయిందనుకోవడానికి లేదు. ఆ మే నెలలో చెల్సీపై ఎఫ్‌ఏ కప్ ఫైనల్ షూటౌట్‌లో, కొడితే కప్పు గెలిచే పెనాల్టీని మానే పోగొట్టాడు. ఆపింది సెనెగల్‌లో అతడి సహచరుడే, ఎడువార్డ్ మెండీ. మెండీకి నీ పద్ధతి తెలుసు, రెండో వైపు కొట్టమని తానే చెప్పానని, కాబట్టి తప్పులో సగం తనదేనని క్లోప్ అన్నారు. కప్పు మాత్రం లివర్‌పూల్‌కే దక్కింది.

ఆ వేసవిలో, లివర్‌పూల్‌కు 269 మ్యాచ్‌ల్లో 120 గోల్స్ చేసి, బయెర్న్‌కు వెళ్లాడు. నవంబరు 8న వెర్డర్ బ్రెమెన్‌తో ఆడుతుండగా కుడి మోకాలి కింద గాయమై, శస్త్రచికిత్స అవసరమైంది. ప్రపంచకప్‌కు అప్పటికి రెండు వారాలు కూడా లేవు. ఖతార్‌లో సెనెగల్ అతడు లేకుండానే ఈక్వెడార్‌ను ఓడించి, ప్రీక్వార్టర్స్‌లో ఇంగ్లండ్ చేతిలో 3-0తో ఓడి ఇంటికి వచ్చింది. బయెర్న్‌లో అతడు కుదురుకోలేదు. ఏప్రిల్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో ఓడిన రాత్రి సహచరుడు లెరాయ్ సానేతో గొడవపడి, జరిమానాతో పాటు ఒక మ్యాచ్ వేటు కూడా ఎదుర్కొన్నాడు. 2023 ఆగస్టులో సౌదీ క్లబ్ అల్ నస్ర్‌కు వెళ్లాడు. అక్కడ మధ్యలో క్రిస్టియానో రొనాల్డో ఉన్నాడు కాబట్టి, మానే తిరిగి ఎడమ అంచుకు చేరాడు.