యుద్ధం ఆగాక తొలి వానకు ఏం వేయాలి? మొజాంబిక్ పల్లెల లెక్క

[దృశ్యం: ఉత్తర మొజాంబిక్‌లోని నంపులా. ఎర్రమట్టి బాటకు ఇరువైపులా కర్రపెండలం చేలు.]

వ్యాఖ్యానం:
ఆగ్నేయ ఆఫ్రికా దేశమైన మొజాంబిక్‌లో ఫ్రెలిమో పార్టీ ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదారులకూ మధ్య 1977లో మొదలైన యుద్ధం 1992 అక్టోబరు 4న రోమ్‌లో కుదిరిన ఒప్పందంతో ముగిసింది. మలావీలోనూ ఇతర పొరుగు దేశాల్లోనూ తలదాచుకున్న సుమారు 17 లక్షల మంది స్వగ్రామాలకు బయలుదేరారు. ఉత్తరాదిన భూమికి పెద్ద కొదవ లేదు. కొదవంతా పనిచేసే చేతులకు, పారలకు, విత్తనాలకు.

[దృశ్యం: గునపంతో దుంపలు తవ్వుతున్న మహిళ.]

ఎక్కువ కుటుంబాలు కర్రపెండలాన్నే నమ్ముకున్నాయి. ఉమ్మడి తూర్పు గోదావరిలో సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే ఈ దుంప అక్కడ నేలలో దాచుకున్న గాదె. గాదెలోని జొన్నలను సాయుధులు ఒక్క రాత్రిలో ఎత్తుకుపోగలరు, తగలబెట్టగలరు. రెండేళ్ల వరకూ మట్టిలో నిలిచే దుంపలను చేనంతా తవ్వి తీసుకుపోయే తీరిక వారికి ఉండదు. అయితే ఈ జాగ్రత్తకూ మూల్యం ఉంది. చేదు రకాల్లో సైనైడ్ విషం ఉంటుంది. దాన్ని పోగొట్టాలంటే దుంపలను రోజుల తరబడి ఎండబెట్టాలి లేదా నానబెట్టాలి. యుద్ధం ముగిసే వేళ, 1992-93లో, ఆకలికి ఆగలేక ఆ పని పూర్తి కాకుండానే తిన్న నంపులా పల్లెల్లో కాళ్లు చచ్చుబడే కొంజో వ్యాధి వ్యాపించింది.

[దృశ్యం: గుడిసె ముందు పత్తి మూటలు.]

పత్తి వేస్తే నగదు వస్తుంది కదా అని బయటివారికి అనిపించవచ్చు. కానీ అప్పట్లో ఒక్కో ప్రాంతంలో కొనుగోలు హక్కంతా ఒకే కంపెనీది. అది విత్తనాలు, పురుగుమందులు అప్పుగా ఇచ్చి, ఆ సొమ్మును పంట ధరలో కోసుకునేది. లారీ రాకపోతే పత్తి ఇంట్లోనే మూలుగుతుంది, దాన్ని వండుకు తినలేం. పైగా 1938 నుంచి 1961 దాకా పోర్చుగీసు పాలకులు ఇదే పంటను నిర్బంధంగా వేయించారు. అందువల్ల కొద్దిపాటి చేనులోనే పత్తి వేసి, మిగతాదంతా తిండిపంటలకు ఉంచుకున్న రైతును వెనకబడినవాడని అనడం నా దృష్టిలో అన్యాయం. మార్కెట్‌కు దారి లేనప్పుడు, అప్పు తీర్చే భరోసా లేనప్పుడు, అతడు లాభాన్ని కాక ఇంట్లో అందరూ వచ్చే వానాకాలం దాకా బతకడాన్ని లెక్కగట్టాడు.

[దృశ్యం: ముసలి జీడిమామిడి చెట్లు.]

జీడిమామిడిది మరో లెక్క. 1970ల తొలినాళ్లలో ప్రపంచ జీడి ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న దేశంలో, యుద్ధానంతరం జనం పాత చెట్ల గింజలే ఏరుకున్నారు. మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లైనా పడుతుంది కనుక, అన్నాళ్లూ శాంతి నిలుస్తుందనీ, ఆ నేల తమదిగానే ఉంటుందనీ నమ్మకం కుదిరితేనే ఎవరైనా నాటుతారు. మందుపాతరల నిర్మూలన 2015లో గానీ పూర్తి కాలేదు. భూమి విషయంలో మాత్రం 1997 చట్టం మేలు చేసింది: పదేళ్లపాటు సదుద్దేశంతో సాగు చేసుకుంటున్నవారికి పట్టా కాగితం లేకపోయినా హక్కు ఉంటుందని, రుజువుగా ఇరుగుపొరుగువారి నోటిమాట సాక్ష్యం చెల్లుతుందని ఆ చట్టం ఒప్పుకుంది.

[దృశ్యం: చేని గట్టున కొత్తగా నాటిన జీడిమొక్క.]