మౌస్ పట్టని సౌండ్ ఇంజనీర్లు
(నెల్లూరులో చూపులేని యువతీ యువకులు, వారి తల్లిదండ్రులు, రికార్డింగ్ స్టూడియోల నిర్వాహకుల ఎదుట చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన స్టూడియో అన్నలకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలకు మరీ మరీ నమస్కారం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సౌండ్ పనికి కరువు లేదు. షాపు ఆఫర్ల కోసం వీధుల్లో తిరిగే ఆటో మైకు ప్రచారాలు, క్రిస్మస్ ముందు చర్చి పాటల ట్రాకులు, తిరునాళ్లలో హరికథలు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు. ఈ నెల్లూరు గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారి జిల్లా. ఆయన నాన్నగారు సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు మనకు ఎప్పుడూ ఉన్నారు, వాళ్లలో చూపులేనివాళ్లూ ఉన్నారు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తారు, చర్చిలో పాడతారు. కానీ ఆ పాటను కంప్యూటర్‌లో సరిచేసే కుర్చీ దగ్గరకు వచ్చేసరికి, "నీకు స్క్రీన్ కనపడదు కదా నాయనా" అంటారు. నాకూ కనపడదు. నేను ఆ కుర్చీలో కూర్చునే బతుకుతున్నాను. నేను ఏయే సాధనాలతో ఎలా పని చేస్తానో చెప్పడానికే వచ్చాను.

స్క్రీన్ రీడర్ అంటే తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ప్రోగ్రాం. నేను వాడేది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. ఉచితం. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. వినడానికి యంత్రంలాగే ఉంటుంది, కానీ మీట నొక్కగానే పలుకుతుంది. మా పనికి తీపి గొంతుకంటే ఆ వేగమే ముఖ్యం.

రికార్డింగ్‌కు రీపర్ అనే ప్రోగ్రాం వాడతాను. దానికి ఒసారా అనే ఉచిత ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు ముక్క, కలిపితే ట్రాకు పేరు, వాల్యూమ్, కర్సర్ ఎక్కడుందీ, అన్నీ ఎన్‌వీడీఏ పలుకుతుంది. ఒసారాను మొదలుపెట్టిన జేమ్స్ టే కూడా చూపులేనివారే, ఎన్‌వీడీఏ సంస్థ స్థాపకుల్లో ఒకరు. వాడేవాళ్లే తయారుచేశారు కాబట్టి ఎక్కడ ఏం చెప్పాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో దానికి తెలుసు. రీపర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూడవచ్చు. తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. పిల్లలు కేవలం గొంతు రికార్డు చేసి కత్తిరించడం నేర్చుకోవాలంటే ఆడాసిటీ చాలు, అది పూర్తిగా ఉచితం.

శబ్దాన్ని తెరమీద గీతల బొమ్మగా చూపేదే వేవ్‌ఫారం. "వేవ్‌ఫారం చూడకుండా ఎలా కట్ చేస్తావు?" అని అందరూ అడుగుతారు. వింటూ కట్ చేస్తాను. కర్సర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వింటే పల్లవికి ముందు గాయకుడు తీసుకున్న ఊపిరి ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఒక మీట, కోత పడుతుంది. శబ్దం ఎంత పెద్దగా ఉందో చూపే లెవెల్ మీటర్ సంగతికి ఒసారాలో పీక్ వాచర్ ఉంది. మైనస్ 6 డెసిబెల్స్ దాటితే చెప్పమని పెట్టుకుంటే, దాటగానే చెబుతుంది. మీటర్ మీద కన్నేసి కూర్చోవలసిన పని లేదు.

అసలు ఇబ్బంది ప్లగిన్లతో, అంటే శబ్దానికి మెరుగులు దిద్దడానికి రీపర్‌లాంటివాటిలో కలుపుకునే చిన్న ప్రోగ్రాములతో, వస్తుంది. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు. "ఇది బటన్, దీని పేరు ఇది, విలువ ఇంత" అని సాఫ్ట్‌వేర్ లోపలి నుంచి చెబితేనే అది చదువుతుంది. చాలా ప్లగిన్లు నాబులనూ మీటర్లనూ ఉత్త బొమ్మలుగా గీసి వదిలేస్తాయి. పేరు రాయని డబ్బాలతో నిండిన వంటగదిలో వదిలినట్టు ఉంటుంది మాకు. ఒసారా ఇక్కడ అడ్డదారి చూపిస్తుంది: ప్లగిన్ కిటికీని పక్కనపెట్టి, దాని పారామీటర్లను జాబితాగా ఇస్తుంది. ఒక్కొక్కటి ఎంచుకుని బాణం మీటలతో పెంచుతాం, తగ్గిస్తాం. ప్లగిన్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా వాడే జ్యూస్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో 2021 నుంచి స్క్రీన్ రీడర్ సదుపాయం ఉంది. ఇంకా మూగ ప్లగిన్లు వస్తున్నాయంటే అది శ్రద్ధ లేకపోవడమే. నేను ఆ మాట గట్టిగానే అంటాను.

కొత్తవాళ్లను టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్, కొంటారు, కంప్యూటర్‌కు కలుపుతారు, రీపర్ తెరుస్తారు. ఉన్నట్టుండి స్క్రీన్ రీడర్ మూగబోతుంది. మాకు కంప్యూటర్ మాట ఆగితే గదిలో కరెంటు పోయినట్టే. విషయం ఏమిటంటే, కొన్ని ఇంటర్‌ఫేస్‌లను నడిపే ఏసియో డ్రైవరు అనే ప్రోగ్రాం ఆ పరికరాన్ని తన ఒక్కదానికే పట్టుకుంటుంది, వేరే శబ్దాన్ని రానివ్వదు. అందుకని మొదటి రోజే ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో దాని గొంతును లాప్‌టాప్ సొంత సౌండ్‌కు మార్చండి. ఒక చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌లో కంప్యూటర్ మాట, పైన హెడ్‌ఫోన్‌లో పాట. దీనివల్ల స్క్రీన్ రీడర్ మాటలు పాటలో కలిసిపోయే భయం కూడా ఉండదు. 2024లో ఎన్‌వీడీఏ తన మాటను ఒక చెవికి, మిగతా శబ్దాన్ని రెండో చెవికి పంపే సదుపాయం తెచ్చింది. ఆటో ప్రచారంలాంటి గొంతు పనికి బాగుంటుంది. ట్రాకులన్నీ కలిపి పాటగా చేసే మిక్సింగ్‌కు వద్దు, స్టీరియో, అంటే ఎడమ కుడి తేడా, పోతుంది.

పరికరాల విషయంలో తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడికి ఏదైనా కొనే ముందు దాన్ని ఆ పిల్లవాడి చేతికే ఇచ్చి చూడండి. తిప్పే నాబు, నొక్కితే వేలికి తెలిసే బటన్ ఉన్నవి మాకు పనికొస్తాయి. టచ్ స్క్రీన్ మిక్సర్ ఎంత ఖరీదైనదైనా మాకు అద్దం ముక్క. కొన్ని మైకులకు కరెంటు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ వెలిగిందో లేదో కనపడదు కాబట్టి నొక్కితే లోపలికి దిగే రకం మేలు. సంగీతం వాయించే కీబోర్డుల్లో కంప్లీట్ కంట్రోల్‌లాంటివి నాబును తాకగానే అది దేనిదో కంప్యూటర్ ద్వారా పలుకుతాయి. పల్లెకు పోయి బుర్రకథ రికార్డు చేయాలనుకునేవాళ్లకు 2024లో జూమ్ కంపెనీ తెచ్చిన ఎసెన్షియల్ రికార్డర్లు చెబుతాను. మెనూ మాట్లాడుతుంది. చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకేలా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డవుతుంది కాబట్టి గెయిన్, అంటే మైకు శబ్దం స్థాయి, ముందుగా సరిచూసుకునే పనే లేదు. కథకుడు ఒక్కసారిగా గొంతెత్తినా తర్వాత తగ్గించుకోవచ్చు. మైకును మరీ నోటి దగ్గర పెడితే మాత్రం ఏ ఫ్లోటూ కాపాడదు.

సౌండ్ కోర్సు కోసం నేను వెళ్లిన ఒక శిక్షణ సంస్థలో నాకు దరఖాస్తు ఫారం కూడా ఇవ్వలేదు. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థలు వైకల్యం ఉన్న పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా ప్రభుత్వం చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. పిల్లలూ, ఆ సెక్షన్ నెంబరు గుర్తుపెట్టుకుని వెళ్లండి.

స్టూడియో అన్నలకు నా విన్నపం. మీరు క్యూబేస్ వాడుతున్నా, ప్రో టూల్స్ వాడుతున్నా మార్చుకోనక్కర్లేదు. పాటలోని ట్రాకులన్నీ మొదటి సెకను నుంచే మొదలయ్యేలా విడివిడి వేవ్ ఫైళ్లుగా తీసి, ఒక్కోదానికి పేరు పెట్టి ఇవ్వండి. "ఆడియో 01" అని కాదు, "కోరస్ ఎడమ", "తబలా" అని. ఈ పిల్లలు ఊపిరి చప్పుళ్లు తీసి, శ్రుతి తప్పినచోట్లు సరిచేసి, అదే పొడవుతో తిరిగి ఇస్తారు. మీ ప్రాజెక్టులో వేస్తే ఎక్కడివక్కడ కూర్చుంటాయి. వచ్చే క్రిస్మస్ పాటల్లో ఒక్క పాట ఇలా ఇచ్చి చూడండి, మిగతావాళ్లకు ఎంత ఇస్తారో అంతే డబ్బు ఇవ్వండి.