డెబ్బయిల రెగేకు దారి వేసింది రాక్ సంగీతమేనా? – స్టూడియో చర్చ

సంధానకర్త: నమస్కారం. గత ఆదివారం 1970ల నాటి రాక్ పాటలు, జమైకాలో పుట్టిన రెగే పాటలు వినిపించినప్పుడు ‘ఐ షాట్ ది షెరీఫ్’ను బ్రిటిష్ రాక్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పాటగా పరిచయం చేశాము. ఆ పాట కట్టిన జమైకా గాయకుడు బాబ్ మార్లే పేరు మా పరిచయంలో లేదు. దానిపై చాలామంది శ్రోతలు అభ్యంతరం చెప్పారు. 1976లో బర్మింగ్‌హామ్ వేదిక మీద క్లాప్టన్ అన్న మాటలను గుర్తుచేస్తూ, ఆయన గొంతు అసలు వినిపించనే కూడదన్నవారూ ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. నా మొదటి ప్రశ్న ఇది: క్లాప్టన్ పాడకపోయి ఉంటే మార్లే మన దాకా వచ్చేవారా?

విమర్శకుడు: ప్రశ్నే సరైనది కాదు. 1969లోనే జమైకా గాయకుడు డెస్మండ్ డెకర్ పాట ‘ఇజ్రాయెలైట్స్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. 1971లో ‘డబుల్ బ్యారెల్’ అనే మరో జమైకా పాట అదే స్థానంలో నిలిచింది. జిమ్మీ క్లిఫ్ నటించిన ‘ది హార్డర్ దే కమ్’ సినిమా 1972లో వచ్చింది. క్లాప్టన్ రికార్డు 1974 నాటిది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, ఆ తర్వాత వచ్చినవాడికి ఘనతంతా కట్టబెడుతున్నాము.

గిటారిస్టు: అమెరికా సంగతి వేరు మాస్టారూ. 1974 సెప్టెంబరులో క్లాప్టన్ పాట అక్కడి బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి...

విమర్శకుడు: డెకర్ పాట అమెరికాలోనూ తొలి పదింటిలోకి చేరింది బాబూ!

గిటారిస్టు: చేరింది, కాదనను. ఒక్క మాట పూర్తి చేయనివ్వండి. మార్లే ఉన్న వెయిలర్స్ బృందం ఈ పాటతో 1973లో తెచ్చిన ‘బర్నిన్’’ రికార్డును క్లాప్టన్‌కు పరిచయం చేసింది ఆయన బృందంలోని జార్జ్ టెర్రీ. ఆ పాటను విడుదల చేయడానికి క్లాప్టన్ మొదట వెనకాడారు. కాజేయాలన్న ఉద్దేశంతో ఆయన ఆ పని చేశారని నేననుకోను. పాట వింటే తాళంలోని తేడా మాత్రం తెలుస్తుంది. (గిటారు అందుకుని) రెగేలో నాలుగు దెబ్బల తాళంలో రెండు, నాలుగు దెబ్బల మీద తీగెలను మీటి, ఎడమచేతి వేళ్ల పట్టును ఆ క్షణంలోనే సడలించాలి. తీగె మోగీ మోగకముందే ఆగిపోవాలి. క్లాప్టన్ రికార్డులో ఆ కరుకుదనం కాస్త మెత్తబడింది.

అధ్యాపకురాలు: ఆ కరుకుదనానికి అసలు ఆధారం గిటారు కాదండి, డ్రమ్ములు. వెయిలర్స్ డ్రమ్మర్ కార్ల్‌టన్ బారెట్ వాయించిన ‘వన్ డ్రాప్’ అనే తాళపద్ధతిలో మొదటి దెబ్బను ఖాళీగా వదిలేస్తారు, బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. ఆయన అన్న ఆస్టన్ బారెట్ బేస్ గిటారు ఆ ఖాళీ చుట్టూ...

సంధానకర్త: మన సంగీతంలో తాళం మొదలయ్యాక పాట అందుకునే అనాగత ఎడుపు లాంటిదేనా మేడమ్?

అధ్యాపకురాలు: వినడానికి దగ్గరగా ఉంటుంది, కానీ...

విమర్శకుడు: అది వేరు, ఇది వేరు! అక్కడ పాట ఎత్తుగడ మాత్రమే ఆలస్యంగా వస్తుంది, ఇక్కడ ప్రతి ఆవర్తనంలోనూ మొదటి దెబ్బ ఖాళీయే. అసలు విషయానికి వద్దాము. 1976 ఆగస్టు 5న బర్మింగ్‌హామ్ ఓడియన్‌లో క్లాప్టన్ వలసలను వ్యతిరేకించే రాజకీయ నాయకుడు ఈనాక్ పవెల్‌ను సమర్థించి, నల్లవారిని దూషించారు. నల్లజాతివాడి పాటతో అమెరికాలో అగ్రస్థానానికి చేరి అప్పటికి రెండేళ్లే అయింది. దానికి మండిపడి కొందరు సంగీత పత్రికలకు రాసిన లేఖ నుంచే ‘రాక్ అగెనెస్ట్ రేసిజం’ అనే జాతివివక్ష వ్యతిరేక ఉద్యమం పుట్టింది. 1978 ఏప్రిల్ 30న లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఊరేగింపుగా వెళ్లినవారికి విక్టోరియా పార్కులో పంక్ రాక్ బృందం ది క్లాష్, రెగే బృందం స్టీల్ పల్స్ పాటలు వినిపించారు. ఆ స్టీల్ పల్స్ ఎక్కడివారో తెలుసా? అదే బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్‌ వారు!

గిటారిస్టు: ఆ మాటలకు సిగ్గుపడుతున్నానని క్లాప్టన్ తర్వాతి కాలంలో చెప్పారు. పైగా మీరు చెప్పిన ది క్లాష్ కూడా 1977లో జమైకా గాయకుడు జూనియర్ మర్విన్ పాటను తమ పద్ధతిలో పాడినవారే కదా. అప్పుడు లేని అభ్యంతరం...

విమర్శకుడు: వారు ఆ నల్లజాతి జనం పక్కన నిలబడి పాడారు! నిలబడిన చోటును బట్టే పాటకు అర్థం వస్తుంది. నేను మళ్లీ చెబుతున్నాను, 1969లోనే డెకర్...

సంధానకర్త: ఆ విషయం చెప్పారు మాస్టారూ. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. క్లాప్టన్ లేకపోతే హైదరాబాదులోనో, విశాఖలోనో మార్లే పేరు వినిపించేదా?

అధ్యాపకురాలు: ఒక్క గాయకుడి మీదికే చూపు పోతే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. 1973లో వచ్చిన వెయిలర్స్ రికార్డు ‘క్యాచ్ ఎ ఫైర్’ సంగతి చూడండి. కింగ్‌స్టన్‌లో రికార్డయిన టేపులను ఐలండ్ రికార్డ్స్ అనే రికార్డుల సంస్థ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌కు తెప్పించి, అలబామాకు చెందిన వేన్ పెర్కిన్స్ చేత రాక్ శ్రోతలకు నచ్చే గిటారు చేర్పించారు. ఆ పనిలో మార్లే కూడా పాలుపంచుకున్నారు. జమైకాలో చేసిన మిక్స్‌నూ లండన్‌లో చేసిన మిక్స్‌నూ 2001లో కలిపి విడుదల చేశారు, రెండూ విని ఎవరికి వారు పోల్చుకోవచ్చు. కాబట్టి రాక్ వచ్చి రెగేను దోచుకుందన్న మాటా పూర్తి నిజం కాదు, రాక్ వచ్చి ఉద్ధరించిందన్న మాటా నిజం కాదు. నన్ను బాధిస్తున్నది మరొకటి. తనకూ, చనిపోయిన తమ్ముడికీ రావలసిన రాయల్టీల కోసం, కొన్ని పాటల రచనలో వాటా కోసం ఆస్టన్ బారెట్ లండన్ హైకోర్టుకు వెళ్లి 2006లో ఓడిపోయారు. తాళాన్నీ బేస్‌నూ నిర్మించినవారిని పాట కట్టినవారిగా లెక్కించకపోతే, మార్లే పేరు చేర్చినంత మాత్రాన మన పరిచయం సరిపోతుందా?

విమర్శకుడు: అది కోర్టుల గొడవ. ఇక్కడ తేలవలసింది క్లాప్టన్ సంగతి!

అధ్యాపకురాలు: ఘనత ఎవరిదని అడుగుతున్నప్పుడు అది కోర్టుల గొడవ ఎలా అవుతుందండి?

విమర్శకుడు: బర్మింగ్‌హామ్ మాటలు విన్నాక ఆ రికార్డును మామూలు పాటలా వినిపించడం తప్పు. మీరు ఎన్ని విధాలుగా తిప్పినా నేను ఇదే చెబుతాను.

గిటారిస్టు: వినిపించకపోతే ఆ రెండు తాళాల తేడా కొత్త శ్రోతకు ఎలా తెలుస్తుంది? పక్కపక్కన వినిపించి, 1976 సంగతి కూడా...

సంధానకర్త: సమయం మించిపోతోంది. మాస్టారి అభిప్రాయం వైపే ఎక్కువ ఉత్తరాలు ఉన్నాయి కనుక వచ్చే ఆదివారం వెయిలర్స్ పాడిన పాటనే వినిపిద్దాము. అయినా క్లాప్టన్ వల్లనే అది మనకు...

విమర్శకుడు: మళ్లీ అదే మాట! 1969లో...

అధ్యాపకురాలు: ఆదివారం పరిచయంలో బారెట్ సోదరుల పేర్లు చదువుతారా, లేదా? అది చెప్పండి.

సంధానకర్త: పరిశీలిస్తాము మేడమ్. మాస్టారూ, ముగించే ముందు మీకు ఒక్క నిమిషం ఇస్తున్నాను.