కంటి శుక్లం: చుక్కల మందును నమ్మకండి, ముదిరేదాకా ఆగకండి

[తెరపై: రాత్రి. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి. ఎదురుగా వచ్చే లారీ దీపాల చుట్టూ వెలుగు వలయాలు.]

నమస్కారం. రాత్రిపూట బండి నడుపుతుంటే ఎదుటి దీపాలకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయా? ఎంత తుడిచినా కళ్లద్దాలు మసకగానే ఉన్నట్టు అనిపిస్తోందా? అయితే ఈ వీడియో మీ కోసమే. మీకు ఆ ఇబ్బంది లేకపోయినా, ఇంట్లో అరవై దాటిన అమ్మో నాన్నో ఉంటే వారి కోసం చూడండి.

శుక్లం మొదలైందని డాక్టరు చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: “ఆపరేషన్ లేకుండా చుక్కల మందుతో తగ్గుతుందా?”

తగ్గదు. ఎందుకు తగ్గదో తెలిస్తే, మన చేతిలో ఉన్నదేమిటో కూడా తెలుస్తుంది.

[తెరపై: కంటి బొమ్మ. నల్లపాప వెనుక ఉన్న కటకం మీద గుర్తు.]

నల్లపాప వెనుక ఒక చిన్న కటకం ఉంటుంది. దానిలో ఉన్నదంతా నీరు, ప్రొటీన్లే. ఆ ప్రొటీన్లు ఒక క్రమంలో అమరి ఉన్నంతకాలం కటకం స్వచ్ఛంగా ఉండి వెలుతురును లోపలికి పంపుతుంది. చర్మం లాగా ఈ కటకం పాత కణాలను వదిలించుకోదు. పుట్టినప్పుడు ఉన్న పోగులు చివరిదాకా దాని నడిబొడ్డునే ఉంటాయి. వయసు, ఎండ, పొగ, రక్తంలో చక్కెర, కొన్ని మందులు ఏళ్ల తరబడి ఆ ప్రొటీన్లను దెబ్బతీస్తాయి. అవి ముద్దకట్టి, వెలుతురును అడ్డుకుంటాయి. దీన్నే శుక్లం అంటాం, మోతిబిందు అంటాం. గుడ్డులోని తెల్లసొన ఉడికి తెల్లబడ్డాక దాన్ని తిరిగి పారదర్శకంగా చేయలేం. ఇదీ అంతే.

2015లో లానోస్టెరాల్ అనే పదార్థంతో కుక్కల కళ్లలో శుక్లం కొంత తగ్గిందని ఒక పరిశోధన వచ్చింది. అప్పటి నుంచి “శుక్లం కరిగించే చుక్కలు” అంటూ ప్రకటనలు తిరుగుతున్నాయి. మనుషులకు పనిచేస్తుందని తేలి, ఆమోదం పొందిన అలాంటి మందు ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఆ డబ్బు దాచుకోండి.

విటమిన్ మాత్రల సంగతీ చెప్పేస్తాను. అమెరికాలో ప్రభుత్వ ఆధ్వర్యంలో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి. 2001లో వచ్చిన ఫలితాల ప్రకారం విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ మాత్రలు శుక్లాన్ని ఆపలేదు. 2013లో వచ్చిన రెండో దానిలో ఆకుకూరల్లో ఉండే ల్యూటిన్, జియాజాంతిన్ అనే పదార్థాలను ఇచ్చి చూశారు. మొత్తం మీద ఆపరేషన్ల అవసరం తగ్గలేదు. మాత్రల మాట అలా ఉంచి, నల్లగొండ బత్తాయి తినండి, జామ తినండి, తోటకూర, పాలకూర వండుకోండి. ఒంటికి మంచిది. వాటితో ఉన్న శుక్లం మాత్రం పోదు.

మరి మన చేతిలో ఉన్నదేమిటి? శుక్లాన్ని తొందరపెట్టేవాటిని మానుకోవడం. అందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది స్టెరాయిడ్. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను.

[తెరపై: మందుల దుకాణం. గల్లాపెట్టె మీద చిన్న చుక్కల సీసా.]

“అన్నా, కళ్లు ఎర్రగా ఉన్నాయి, దురద పెడుతున్నాయి. ఏదైనా మంచి మందు ఇవ్వు.”

“ఇది వేసుకో అక్కా, రెండు రోజుల్లో తగ్గుతుంది.”

నిజంగానే రెండు రోజుల్లో తగ్గుతుంది. అందుకే మళ్లీ ఎరుపెక్కినప్పుడు అదే సీసా, ఆ మరుసటి ఏడాది కూడా అదే సీసా. ఇప్పుడు ఆ సీసా చీటీని దగ్గరగా చూపిస్తాను. పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న అక్షరాలు చూడండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్. వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. డాక్టరు రాసినన్ని రోజులు వాడితే గొప్ప మందు. ఎవరూ చూడకుండా నెలల తరబడి వాడితే కటకం వెనుక భాగంలో శుక్లం పుట్టిస్తుంది. ఈ రకం చిన్న వయసులోనూ వస్తుంది, వేగంగానూ పెరుగుతుంది. పట్టపగలు ఎండలో చూపు మసకబారడం, పుస్తకం చదవలేకపోవడం దీని లక్షణాలు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. స్టెరాయిడ్ చుక్కలతో కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసుల జబ్బు (గ్లాకోమా) వస్తుంది. శుక్లంతో పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసులతో పోయిన చూపు ఏం చేసినా తిరిగి రాదు.

మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఊళ్లో ఇచ్చే పొట్లం మాత్రల్లోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. పేరు రాయని మాత్ర ఎవరిచ్చినా పేరు అడగండి. ఒక హెచ్చరిక: చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్నవారు ఈ వీడియో చూసి ఒక్కసారిగా ఆపేయకండి. అది ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోవాలి.

తరువాత షుగర్. రక్తంలో చక్కెర పెరిగితే కటకంలోనూ పెరుగుతుంది. అక్కడ అది సార్బిటాల్‌గా మారి నీటిని లాక్కుంటుంది, కటకం ఉబ్బుతుంది. షుగర్ ఉన్నవారికి కళ్లద్దాల నంబరు తరచూ మారడానికి ఇదొక కారణం. ఆ ఒత్తిడికి శుక్లం కూడా తొందరగా వస్తుంది. షుగర్ అదుపులో ఉంచుకోవడం ఒక ఎత్తు, ఏడాదికి ఒకసారి నల్లపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని కంటి వెనుక రెటీనా చూపించుకోవడం ఇంకో ఎత్తు. రెటీనా దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా చూపు పూర్తిగా రాదు.

పొగ విషయంలో మన దగ్గరి సాక్ష్యమే ఉంది. 1996 నుంచి 2000 వరకు ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉమ్మడి రాష్ట్రంలో పదివేలమందికి పైగా కళ్లు పరీక్షించింది. ఎంచుకున్న ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారిలో శుక్లాలు ఎక్కువగా కనిపించాయి. కట్టెల పొయ్యి పొగ కూడా కటకానికి మంచిది కాదు. గ్యాసు ఉన్నా నీళ్లు కాచుకోవడానికి, పెద్ద వంటలకు ఇంకా కట్టెలే వాడే ఇళ్లున్నాయి. కనీసం ఆ పొయ్యిని నాలుగు గోడల మధ్య నుంచి బయటికి తీయండి.

[తెరపై: పత్తి చేను. తలకు రుమాలు చుట్టుకున్న రైతు, పక్కన అంచు వెడల్పు టోపీ పెట్టుకున్న మరో రైతు. ఇద్దరి కళ్ల మీద పడే నీడ తేడా.]

ఎండ. తలకు చుట్టిన రుమాలు నెత్తిని కాపాడుతుంది. అంచు ముందుకు లాగకపోతే కళ్ల మీద నీడ పడదు. వెడల్పు అంచున్న టోపీ మేలు. చలువ కళ్లద్దాలు కొనేటప్పుడు అద్దం ఎంత నల్లగా ఉందో చూడకండి. అతినీలలోహిత కిరణాలను 400 నానోమీటర్ల వరకు ఆపుతుందని దాని మీద రాసి ఉందో లేదో చూడండి. చూపు కోసం కళ్లద్దాలు వాడేవారు పాలీకార్బొనేట్ అద్దాలు వేయించుకుంటే అవే ఆ కిరణాలను ఆపుతాయి. వెల్డింగ్ చేసేవారు, రాళ్లు కొట్టేవారు, పాలమూరు నుంచి పట్నాలకు వెళ్లి భవనాల దగ్గర పనిచేసేవారు రక్షణ అద్దాలు లేకుండా పనిలోకి దిగకూడదు. కంటికి గట్టి దెబ్బ తగిలితే ఇరవై ఏళ్ల కుర్రాడికైనా శుక్లం వస్తుంది.

వరికోతల్లో కంట్లో కంకి గుచ్చుకుంటే ఆకు పసరు, చనుబాలు, తేనె, ఆముదం పోయకండి. నల్లగుడ్డు మీద పుండు పడి, మానాక తెల్లటి మచ్చ మిగులుతుంది. శుభ్రమైన నీటితో కడిగి, అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

ఇక ఇంట్లోవాళ్లు పొరపడే లక్షణం ఒకటి చెప్పాలి. ఏళ్లుగా కళ్లద్దాలు లేనిదే పేపరు చదవలేని తాతయ్య ఉన్నట్టుండి అద్దాలు తీసి చదువుతాడు. “తాతయ్యకు చూపు తిరిగి వచ్చింది” అని అందరూ సంబరపడతారు. కటకం నడిమి భాగం గట్టిపడి, కంటికి దగ్గరి చూపు పెరిగిందని దాని అర్థం. దూరపు చూపు అప్పటికే తగ్గి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ దగ్గరి చూపూ పోతుంది.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఇది. గోడ మీది క్యాలెండర్‌కు ఎదురుగా నిలబడండి. ఒక కంటిని అరచేత్తో, నొక్కకుండా మూయండి. తేదీలు చదవండి. తరువాత రెండో కన్ను మూసి చదవండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది. అందుకే చాలామందికి ఒక కన్ను పోయిందాకా తెలియదు.

[తెరపై: ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగం ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లు.]

“ఇంకా ముదరలేదు, ముదిరాక చేయిద్దాం.” ఈ మాట ఒకప్పుడు సరైనదే. అప్పట్లో కటకాన్ని మొత్తంగా తీసేసి, సీసా అడుగు మందం కళ్లద్దాలు ఇచ్చేవారు. కొంత చూపు ఉండగా అలాంటి ఆపరేషన్ చేయించుకోవడం నష్టమే. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు కంటి లోపలే కృత్రిమ కటకం అమర్చాడు. ఇప్పుడు అందరికీ అదే పెడుతున్నారు. ధ్వని తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో పద్ధతిలో రెండు, మూడు మిల్లీమీటర్ల కోత చాలు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో, శిబిరాల్లో ఎక్కువగా చేసే చిన్న కోత ఆపరేషన్‌తో కూడా చూపు బాగా వస్తుంది. తక్కువ రకం వైద్యమని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు ముదిరేదాకా ఆగితే కటకం రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. మరీ ముదిరితే కటకంలోని పదార్థం బయటికి కారి, కంటి ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పి, ఎరుపు, వాంతులు వస్తాయి. అప్పుడు శుక్లం తీసినా చూపు దక్కుతుందన్న భరోసా లేదు. మీ పనికి చూపు అడ్డమైన రోజే సరైన సమయం. బండి నడిపేవారికి అది ముందే రావచ్చు, ఇంటిపట్టున ఉండే అమ్మమ్మకు కొంత ఆలస్యంగా రావచ్చు.

2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగులో, 2023 జనవరిలో మొదలైన రెండో విడతలో ఊరూరా పరీక్షలు చేశారు. అప్పుడు “ఆపరేషన్ అవసరం” అని చెప్పించుకుని, ఇంకా వెళ్లనివారు మీ ఇంట్లో ఉంటే, ఈ వారంలోనే తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. షుగర్, బీపీ, రక్తం పలుచబడే మాత్రలు, అన్నీ. మగవారు మూత్రం ధారాళంగా రావడానికి టామ్సులోసిన్ అనే మాత్ర వాడుతుంటే దాన్ని ప్రత్యేకంగా చూపించండి, ఎప్పుడో మానేసినా సరే చెప్పండి. ఆ మాత్ర వల్ల ఆపరేషన్ సమయంలో నల్లపాప చుట్టూ ఉండే పొర వదులైపోతుంది. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గట్టు సిద్ధపడి చేస్తారు.