పిల్లలు చూసింది ఎక్కడికీ పోదు

టీచర్లందరికీ నమస్కారం. చిన్నపిల్లలు ఇంట్లో బడి ఆట ఆడుకుంటుంటే మీరంతా చూసే ఉంటారు. టీచర్ అయిన పిల్ల ఎక్కడినుంచో ఒక పుల్ల వెతికి తెచ్చుకుని, గుమ్మాన్నో దిండునో టపటపా కొడుతూ "చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో" అంటుంది. ఆ పిల్ల ఎప్పుడూ దెబ్బ తిని ఉండకపోవచ్చు కూడా. పక్కవాడు తింటుంటే చూసింది, అంతే.

ఇలా చూసి నేర్చుకోవడం మీద అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా దశాబ్దాల పాటు పనిచేశారు. 1961లో ఆయన, డొరోతియా రాస్, షీలా రాస్ కలిసి 72 మంది నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం మీలో బీఈడీ చేసినవాళ్లు చదివే ఉంటారు. గాలి నింపిన బోబో బొమ్మని ఒక పెద్దాయనో పెద్దావిడో సుత్తితో కొట్టడం, తన్నడం చూసిన పిల్లలు, తర్వాత అలాంటి బొమ్మే దొరికితే అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. బొమ్మని కొట్టడం, మనిషిని కొట్టడం ఒకటి కాదు కదా అని విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే.

నాకు మాత్రం 1965లో బండూరా చేసిన ప్రయోగం ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఈసారి 66 మంది పిల్లలకి ఒక చిన్న ఫిల్మ్ చూపించారు. బొమ్మని కొట్టినాయనకి కొందరు చూసిన ఫిల్మ్‌లో మెచ్చుకోలు, చాక్లెట్లు దక్కాయి, ఇంకొందరు చూసిన దాంట్లో తిట్లూ దెబ్బలూ పడ్డాయి, మూడో గుంపు చూసిన దాంట్లో ఏమీ జరగలేదు. శిక్ష చూసిన పిల్లలు బొమ్మ జోలికి తక్కువగా వెళ్లారు. సరే, భయపడి మానేశారు, మంచిదే కదా అనుకుంటాం. కానీ ఆ తర్వాత "ఆయన ఏం చేశాడో చేసి చూపించు, స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తాను" అని అడిగితే మూడు గుంపుల వాళ్లూ దాదాపు సమానంగా చేసి చూపించారు! శిక్ష చూసి పైకి చేయడం తగ్గించారే గానీ, చూసింది మొత్తం లోపల అలాగే ఉంది.

ఇప్పుడు మన క్లాసుకి రండి. అల్లరి చేసిన ఒకణ్ని నిలబెట్టి నాలుగు తగిలిస్తే మిగతా నలభై మందీ బుద్ధి తెచ్చుకుంటారని మన నమ్మకం. ఆ నలభై మందీ వాడి ఒక్కణ్నే చూడటం లేదు, మనల్నీ చూస్తున్నారు. దెబ్బ పడగానే క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది, అంటే కొట్టినవాళ్లకి కావలసింది వెంటనే దొరికింది. ఫిల్మ్‌లో చాక్లెట్లు దక్కినాయన స్థానంలో ఆ నిమిషాన మనమే ఉన్నాం. ఇంట్లోనూ అంతే, "తమ్ముణ్ని కొడతావా?" అంటూ అక్క వీపు మీద ఒకటి వేస్తాం, ఆ పిల్ల మాట వినాలా చేతిని చూడాలా? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని నిషేధించింది. అయినా మన దగ్గర బెత్తం ఇంకా పూర్తిగా పోలేదు, నాకు దీని మీద నిజంగా బాధగా ఉంటుంది.

ఇదే దారిలో మంచీ నడుస్తుంది. కుక్కలంటే భయపడే నర్సరీ పిల్లలతో 1967లో బండూరా బృందం ఇంకో పని చేసింది. వాళ్ల వయసువాడే ఒక పిల్లవాడు కుక్కతో ఆడుకోవడం నాలుగు రోజుల్లో కొద్దికొద్దిగా చూపించారు. మొదట దూరంగా, తర్వాత దగ్గరగా, అలా పెంచుకుంటూ పోయారు. చివరికి ఆ పిల్లల్లో చాలామంది కుక్క ఉన్న చోటికి తామే వెళ్లగలిగారు.

మీ క్లాసులో లేచి చదవాలంటే వణికే పిల్ల ఉంటే, గడగడా చదివే ఫస్ట్ ర్యాంకర్‌ని కాకుండా, అక్కడక్కడా తడబడుతూనైనా పాఠం చివరిదాకా చదివే పిల్లని ముందు చదివించండి. ఆ తడబాటుకి ఎవరూ నవ్వకుండా చూడండి, ముఖ్యంగా మీరు. రేపు మొదటి పీరియడ్‌లోనే చేయొచ్చు ఇది. ఇక ప్రశ్నలుంటే అడగండి, మీ క్లాసులో జరిగినవి చెప్తే ఇంకా మంచిది.