రెండు టీ గ్లాసులంత పొట్ట

అందరికీ నమస్కారమండి. నేను చాలా ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా ఊరి అంగన్‌వాడీలో పిల్లల్ని కొలిచే రోజు నేను కూడా వెళ్ళి కూర్చుంటున్నాను, ఆ మధ్య అక్కడ చూసిన ఒక బాబు నా మనసులోంచి పోవట్లేదండి, అందుకే ఇవాళ ఈ మాటలు.

వాడికి ఏడాది దాటి రెండు నెలలు. వాళ్ళమ్మ తెల్లారకుండానే వ్యాన్ ఎక్కి రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోద్ది, పిల్లాణ్ణి చూసుకునేది మామ్మే. జబ్బకి టేపు చుట్టాం. అదో రంగుల పట్టీ, ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి ఎడం చెయ్యి భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన చుడతారు, 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 11.5 కన్నా తగ్గితే ఎరుపు, మధ్యలో వస్తే పసుపు. వాడికి 11.2 వచ్చింది, అంటే ఎరుపు, ఒంటికి తిండి చాలక బాగా చిక్కిపోయాడన్న మాట.

మామ్మగారు ఒప్పుకోలేదు. "వాళ్ళ నాన్నా ఇంతే నర్సమ్మా, మాదంతా సన్నటి ఒళ్ళు, నేను వేళకి కడుపు నిండా పెడతన్నాను కదా" అంది. అబద్ధం కాదండి, నిజంగానే పెడుతుంది. పొద్దున్న టీలో ముంచిన బిస్కెట్లు, పదింటికి గంజి, మధ్యాహ్నం అన్నంలో పప్పు మీద తేట నీళ్ళు, సాయంత్రం మళ్ళీ బిస్కెట్లు.

ఆ వయసు పిల్లల పొట్ట ఎంతుంటదో తెలుసా అండి? కిలో బరువుకి దాదాపు 30 ఎంఎల్ లెక్క. ఏడు కిలోల పిల్లాడంటే రెండు చిన్న టీ గ్లాసులు, అంతే! ఆ రెండు గ్లాసులూ గంజితో నింపేస్తే ఇంక పప్పుకి చోటేదండి, గుడ్డుకి చోటేదండి, వాడు తిన్నట్టే ఉంటాడు, ఏడుపు ఆపేస్తాడు, ఒంటికి మాత్రం ఏమీ పట్టదు. నేను మామ్మగారికి చెప్పిందొకటే, పెట్టేది చెంచాలో తీసి పక్కకి వంచి చూడండి, నీళ్ళలా జారిపోతే అది పిల్లాడికి చాలదు, చెంచాని పట్టుకుని నిలబడాలి. మెత్తగా పిసికిన అన్నం, ముద్దపప్పు, ఒక చెంచా నెయ్యో నూనో, ఉడికిన గుడ్డు, ముల్లు ఏరేసిన చేప, తోటకూర, మునగాకు, చక్కెరకేళి అరటిపండు. ఇందులో మన దగ్గర దొరకనిది ఏదండి?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి మన డెల్టాని అన్నపూర్ణ అనే అంటున్నాం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, 16.1 శాతం మంది ఎత్తుకి తగ్గ బరువు లేరు, ఆర్నెల్లు దాటిన పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తం తక్కువ. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటది.

తప్పు మామ్మ మీదకి తోసెయ్యకండి. ఇది పిల్లాడు పుట్టకముందే మొదలవుద్ది. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి, కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేకపోవడం, ఏడాది తిరక్కుండా ఇంకో కాన్పు, ఇవన్నీ కలిసి రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో బిడ్డ పుడుతుంది. ఆ పైన బాలింతకి పథ్యం అని కూరలు మానిపించి కారప్పొడి అన్నం పెడతాం, అది మాత్రం మానెయ్యాలండి, పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువ తిండి కావాలి. ముర్రుపాలు పిండి పారబొయ్యకూడదు, ఆర్నెల్ల దాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఇంక కువైటో దుబాయో వెళ్ళిన అమ్మల పిల్లలు మన కోనసీమలో ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పాలా? డబ్బులు వస్తాయి, పక్కన కూర్చుని నాలుగు ముద్దలు బతిమాలి పెట్టేవాళ్ళు కావాలి కదా.

నీళ్ళ సంగతి ఇంకోటి. వేసవిలో కాలవలు కట్టేశాక చెరువు నీళ్ళే గతి, తర్వాత వరదలొస్తే లంకల్లో ఎక్కడి నీళ్ళు ఎక్కడ కలుస్తాయో తెలీదు. విరేచనాలు పట్టుకుంటే నెల రోజులు పెరిగిన బరువు వారంలో పోతుంది, మళ్ళీ మనం లంకణం పెడతాం. వద్దండి. ఓఆర్‌ఎస్ తాగించండి, ఆర్నెల్లు దాటిన పిల్లలకి జింక్ 20 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి 14 రోజులు, విరేచనాలు ఆగిపోయినా మధ్యలో మానకూడదు, పాలూ తిండీ ఆపకూడదు, తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టాలి.

టేపు ఎరుపు చూపిస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంకో మాట, రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తియ్యండి, గుంట పడి అలాగే ఉండిపోతే అది ఒళ్ళు చెయ్యడం కాదు, వాపు. అలాంటి పిల్లల్ని, అసలు తినని పిల్లల్ని ఆసుపత్రిలో పెట్టి చూడాల్సిందే.

మన బాబుని డాక్టర్‌కి చూపించారు, వాపు లేదు, ఆకలి ఉంది, మందులిచ్చి, తిండి ఎలా పెట్టాలో చెప్పి ఇంటికి పంపారు. మామ్మ వారం వారం తీసుకొస్తోంది. మొన్న కొలిస్తే 11.9. "పసుపులోకి వచ్చాడు కదా నర్సమ్మా" అని ఆవిడ టేపుని రెండుసార్లు చుట్టించింది. ఆకుపచ్చకి ఇంకా రావాలండి, వచ్చే వారం మళ్ళీ రమ్మన్నాను.