గేమింగ్ పీసీ పార్టులు కొనే ముందు గోడకున్న ప్లగ్గు చూడండి

నమస్తే అండీ. ఈ వీడియోలో పీసీ బిగించడం ఉండదు. ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ పెట్టుకుందామని డబ్బులు కూడబెట్టుకుని, రేపో ఎల్లుండో పార్టులు కొనబోతున్నవాళ్ళ కోసం ఇది. బిగించడం రెండు మూడు గంటల పని. ఆ తర్వాత ఐదారేళ్ళు అది నడవాల్సింది మీ గదిలో, మీ ఇంటి కరెంటు మీద, మన హైదరాబాద్ ఎండల్లో. అందుకే మిమ్మల్ని ముందుగా గోడ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

ఇదిగో, ఇది మా గదిలో ప్లగ్ పాయింట్. కెమెరా కొంచెం దగ్గరికి పెడతాను. మూడు రంధ్రాలున్నాయి కదా. పైన పెద్దగా ఉన్నది ఎర్త్. ఎదురుగా నిలబడి చూస్తే కుడి పక్కది కరెంటు వచ్చే ఫేజ్, ఎడమ పక్కది అది తిరిగి వెళ్ళే న్యూట్రల్. ఫోన్ చార్జర్‌కి, టేబుల్ ఫ్యాన్‌కి ఆ పై రంధ్రంతో పని పడదు. అందుకే పాత ఇళ్ళలో చాలాచోట్ల దాని వెనక వైరే ఉండదు, ఉన్నా ఎక్కడో తెగి ఉంటుంది. ఎవరికీ తెలియదు, ఎందుకంటే అన్నీ వెలుగుతూనే ఉంటాయి.

కంప్యూటర్ సంగతి వేరు. దాని పవర్ సప్లైలో కరెంటును శుభ్రం చేసే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఆ ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనప బాడీకి కలిపి ఉంటాయి. అది డిజైనే, లోపం కాదు. వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ ఎర్త్ వైరులోంచి నేలలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్, అంటే పీసీ బయటి డబ్బా మీదే నిలబడిపోతుంది. మన 230 వోల్టుల్లో దాదాపు సగం, అంటే 110, 115 వోల్టుల దాకా బాడీ మీద కనబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణం మీదకి రాదు, కానీ చేయి తగిలితే జివ్వుమంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకున్నప్పుడు నా మొదటి పీసీ అచ్చం ఇలాగే ఉండేది. చెప్పుల్లేకుండా గచ్చు మీద నిలబడి క్యాబినెట్ మీద వేళ్ళు రాస్తే సన్నగా గరగరలాడేది. కొన్న షాపులో అడిగితే అన్ని పీసీలూ అంతే అన్నారు, నమ్మాను. ఒకరోజు పీసీ నడుస్తుండగానే హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకెళ్ళి హాల్లో టీవీకి గుచ్చాను. టక్కుమని చిన్న మెరుపు. గ్రాఫిక్స్ కార్డులో ఆ పోర్టు పోయింది. టీవీ కేబుల్ వైరు బయటెక్కడో ఎర్త్ అయి ఉంది, నా పీసీ బాడీ మీదున్న కరెంటుకి ఆ పోర్టులోంచే దారి దొరికింది. అప్పటి నుంచి ఎవరు పీసీ గురించి అడిగినా నేను ముందు అడిగేది ఎర్త్ గురించే.

చూసుకోవడం ఎలాగంటే, మల్టీమీటర్ ఉంటే ఏసీ వోల్టేజీలో పెద్ద రేంజి పెట్టండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230కి అటూ ఇటూ రావాలి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సున్నా, లేదంటే ఒకటి రెండు వోల్టులు. ఇదిగో నాది, 231, 230, 1. రెండో రీడింగ్ బాగా తక్కువ వచ్చినా, ఊగుతూ ఉన్నా మీకు ఎర్త్ లేనట్టే. ఈ పని అలవాటు లేకపోతే మీరు చేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కొందరు పని తొందరగా అయిపోవాలని ప్లగ్గు లోపలే ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ ఒక ముక్క వైరుతో కలిపేస్తారు. మీటర్ మీద అంతా బాగానే కనబడుతుంది. రేపు ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే పూర్తి 230 వోల్టులు మీ క్యాబినెట్ మీదకి వస్తాయి. ఎంత చెప్పినా దానికి ఒప్పుకోవద్దు.

ఇండిపెండెంట్ ఇల్లయితే ఎర్త్ గుంత ఎక్కడుందో అడగండి. నేను మా ఓనర్ అంకుల్‌ని అడిగితే, "మెట్ల కింద సిమెంటు మూతుంటది చూడు బాబూ, ఎండాకాలం వచ్చిందంటే రెండు బకెట్ల నీళ్ళు పొయ్యాలె" అన్నారు. నిజమే. ఆ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసేది తేమ నిలవడానికే. మట్టి ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పనిచేయదు. నీళ్ళు పోసి మళ్ళీ కొలిస్తే నాకు తేడా తెలిసింది.

ఇప్పుడు వేడి సంగతి. పీసీ తాగే కరెంటంతా చివరికి వేడిగానే మీ గదిలోకి వస్తుంది. ఆడేటప్పుడు 300, 350 వాట్లు లాగుతుందనుకోండి, అంత వాట్ల చిన్న హీటర్ పక్కన పెట్టుకుని కూర్చున్నట్టే. ఇంకో సంగతి, ఇంటర్నెట్‌లో మీరు చూసే టెంపరేచర్ లెక్కలు చాలావరకు ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల గదిలో తీసినవి. అక్కడ గ్రాఫిక్స్ కార్డు 68 డిగ్రీలుంటే, మే నెలలో ఏసీ లేని 36 డిగ్రీల గదిలో అదే కార్డు 79 దగ్గరికి వస్తుంది. గది ఎంత పెరిగితే కార్డు కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. కాబట్టి ముందు భాగమంతా అద్దం ఉన్న క్యాబినెట్ ఎంత అందంగా కనబడినా మనకి వద్దు. ముందు జాలీ ఉండాలి, గాలి లోపలికి తోసే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి లాగేది ఒకటి, జాలీ వెనక ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. కొండాపూర్, మియాపూర్ వైపు పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఆ సిమెంటు దుమ్ముకి నెల తిరక్కుండానే ఫిల్టర్ బూడిద రంగుకొస్తుంది. పీసీని కిటికీకి ఆనించి పెట్టొద్దు, చెక్క టేబుల్ కింద తలుపున్న అరలో అసలే పెట్టొద్దు. వెనకా పైనా జానెడు ఖాళీ వదలండి. టేప్ తీసుకుని ఇప్పుడే కొలవండి, క్యాబినెట్ కొన్నాక కాదు.

కరెంటు పోవడం గురించి రెండు ముక్కలు. గాలివాన వచ్చిందంటే మనకి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి, అందులో పెడితే కరెంటు పోగానే త్వరగా అందుకుంటుంది. మంచి పవర్ సప్లై కరెంటు లేకుండా పదహారు మిల్లీసెకన్ల దాకా ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ అంతకంటే త్వరగా అందుకుంటే పీసీ ఆగదు. విడిగా యూపీఎస్ కొంటే, షాపుల్లో ఎక్కువగా చూపించే 600 వీఏ దాంట్లో వచ్చేది సాధారణంగా 360 వాట్లే. గేమింగ్ పీసీ, మానిటర్ కలిస్తే అది కుయ్యోమంటుంది. 1000 వీఏ, వీలైతే ప్యూర్ సైన్ వేవ్, అంటే గోడ కరెంటులాగే సాఫీగా ఇచ్చేది తీసుకోండి. అది ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి పద్ధతిగా షట్‌డౌన్ చేయడానికి.

ఇక లిస్టు రాద్దాం. చాలామంది ప్రాసెసర్ నుంచి మొదలుపెడతారు, నేను మానిటర్ నుంచి మొదలుపెట్టమంటాను. కంటికి కనబడేది అదే కదా. ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) చాలనుకుంటే ఒక రకం కార్డు, అంతకంటే స్పష్టంగా ఉండే 1440పీ కావాలనుకుంటే ఇంకో రకం. ఫుల్ హెచ్‌డీకి నేను మా తమ్ముడికి రాసిచ్చిన లిస్టు చెప్తాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామ్ పదహారు జీబీవి రెండు, ఆర్‌టీఎక్స్ 5060 కార్డు, గేములు దాచుకోవడానికి ఒక టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్, 650 వాట్ల గోల్డ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేసే) పవర్ సప్లై. ఆ ప్రాసెసర్ 65 వాట్లది, కూలర్ డబ్బాలోనే వస్తుంది. కార్డు 145 వాట్లది. రెండూ మన ఎండలకి భారం కానివి. ఆ ప్రాసెసర్ బోర్డు మీద కూర్చునే చోటు, ఏఎమ్5 సాకెట్, 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా దాన్ని కొనసాగిస్తామని తయారుచేసే ఏఎమ్‌డీ కంపెనీ చెప్పింది, కాబట్టి రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ చవగ్గా వస్తుంది, కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు. కార్డు రిపేరుకి వెళ్ళినన్నాళ్ళూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ధరలు నేను చెప్పను. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, ఈ రోజు నేను చెప్పింది మీరు చూసే రోజుకి నిలవదు. డబ్బు సరిపోకపోతే పీసీలో రంగుల లైట్లు తగ్గించండి, ర్యామ్ ముందు పదహారుతో సరిపెట్టండి. పవర్ సప్లైలో మాత్రం తగ్గకండి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనవాళ్ళందరికీ తెలిసిందే. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడు డబ్బులు తీసుకెళ్ళకండి, లిస్టు తీసుకెళ్ళండి. "అన్నా, ఈ మోడల్సే కావాలి, కొటేషన్ రాసియ్యి" అని మూడు నాలుగు షాపుల్లో అడగండి. మోడల్ పేరు పూర్తిగా రాయించండి. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (షాపుల్లో పవర్ సప్లైని అలాగే అంటారు) అని మాత్రమే రాసిచ్చారంటే రేపు డబ్బాలో ఏదైనా రావచ్చు. నాకు ఒకసారి అలాగే పేరు తెలియని కంపెనీది చేతిలో పెట్టారు. అక్కడే డబ్బా విప్పి చూశాను కాబట్టి మార్పించుకోగలిగాను. బిల్లు లేకుండా ఇంత తగ్గిస్తామంటారు, ఆశపడకండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ వేయించుకోండి, మూడేళ్ళకో ఐదేళ్ళకో వారంటీకి వెళ్ళినప్పుడు అడిగేది అదే. ఆన్‌లైన్‌లో కొంటే సీలు కోయకముందు నుంచీ ఆపకుండా వీడియో తీయండి.

మదర్‌బోర్డు డబ్బా కౌంటర్ మీదే తెరిపించి ఒక్క చోటు తప్పకుండా చూడండి. ఇది నా బోర్డు, ఇక్కడ సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంది. ఏఎమ్5లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, ఈ మూత కింద బోర్డుకే ఉంటాయి, 1718 పిన్నులు. ఫోన్ టార్చి పక్క నుంచి వేస్తే బంగారు రంగు వరసలు మెరుస్తాయి. చేలో నాట్లు వేసినట్టు అన్నీ ఒకే వాలులో ఉండాలి. ఎక్కడైనా ఒకటి తలవంచినట్టు మెరుపు తేడాగా ఉంటే ఆ బోర్డు తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక చెప్తే మీరే వంచారంటారు. చూశాక మూత మళ్ళీ పెట్టించండి. వేలు మాత్రం తగలనివ్వొద్దు.

ఇంటికొచ్చాక పార్టులు విప్పేముందు పాత ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ 11 ఇన్‌స్టాలర్ చేసి ఉంచండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, ఇప్పుడు కొత్తగా అది వేయడం అనవసరం. మీ బోర్డు మోడల్‌కి వైఫై, ల్యాన్ డ్రైవర్లు కూడా దింపి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడుగుతుంది, డ్రైవర్ లేకపోతే వైఫై కనబడదు. గేమ్‌కి వంద జీబీ మామూలైపోయింది, వంద ఎంబీపీఎస్ లైన్ మీద అది రెండుంబావు గంటలు పడుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ముందే చెప్పకపోతే కంగారుపడే సంగతి ఒకటుంది. ఏఎమ్5 పీసీ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉండొచ్చు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బొమ్మ రాదు. టెన్షన్ పడి స్విచ్ నొక్కకండి, పది నిమిషాలు ఆగండి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టారో లేదో మాత్రం చూసుకోండి.

ఇదిగో నా టేబుల్. కింద దుప్పటి తీసేశాను, అట్ట వేశాను. అయస్కాంతం ఉన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, స్క్రూలు వేసుకోవడానికి స్టీలు గిన్నె, కేబుల్ టైలు, చేతులు తుడుచుకోవడానికి పొడి గుడ్డ. డబ్బాలన్నీ అటకమీదకి చేర్చాను, వారంటీ అయ్యేదాకా పారేయను. పవర్ సప్లై మాత్రం ఇప్పుడు కొలిచిన ప్లగ్గు పక్కనే పెట్టాను. వచ్చే వీడియోలో ఆ నల్ల మూత తీసి, ప్రాసెసర్ మూల మీదున్న చిన్న త్రికోణం గుర్తు చూసుకుని కూర్చోబెడదాం.